నాకు చలిగా ఉందని జర్మన్‌లో చెప్పబోయి

పోయిన డిసెంబరులో రెండు రోజులు ఒడిశాలోని కోరాపుట్‌లో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. అక్కడి చలి మా జయపురం చలిలా కాదు, ఎముకల్లోకి దిగుతుంది. రాత్రి శాలువా చుట్టుకుని ఫోన్లో జర్మన్ క్లాసుకి కూర్చుంటే, ఎలా ఉన్నారని టీచర్ నన్నే అడిగారు. గబుక్కున ‘ఇష్ బిన్ కాల్ట్’ అనేశాను. ఇష్ అంటే నేను, కాల్ట్ అంటే చల్లన. సరిగ్గానే కూర్చాననుకున్నా. టీచర్ నవ్వు ఆపుకుని, అలా అంటే మనసు లేని మనిషినని చెప్పుకున్నట్టు అన్నారు. నర్సునైన నాకు అంతకంటే ఘోరంగా వినిపించింది. మా వార్డులో ఒళ్ళు చల్లబడిందంటే ఇంక డాక్టరుగారిని పిలవడమే.

‘మిర్ ఇస్ట్ కాల్ట్’ అనాలట.

నాకు 37 ఏళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కొండ ఊళ్ళ నుంచి వచ్చే పేషెంట్లతో దేశియా, డాక్టర్లతో హిందీ, నర్సింగ్‌కి సరిపడా ఇంగ్లీషు. ఇంగ్లీషు తప్ప మిగతావన్నీ ఎప్పుడు వచ్చాయో నాకే తెలీదు. జర్మన్ అలా కాదు, పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. నేనింకా దాని కింది మెట్టు బీ1 దగ్గరే ఉన్నాను. డ్యూటీ అయ్యాక వంటింట్లో కూర్చుని గట్టిగా చదువుతుంటే మా అత్తయ్య, ‘ఏటమ్మా, గొంతులో ముల్లు ఇరుక్కుందేటి?’ అని అడిగింది.

చలి సంగతికి వస్తాను. ఆ రాత్రి నోట్సులో ఆ వాక్యం కింద తెలుగు రాశాను. మిర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది, కాల్ట్ అంటే చలి. నాకు చలిగా ఉంది! ఒడియాలోనూ ‘మోతే థండా లాగుచి’ అంటాం. అదీ ‘నాకు’తోనే. మరి నేనెందుకు తప్పాను? ఇంగ్లీషులో ఆలోచించి జర్మన్‌లోకి మార్చాను. చుట్టం పక్కింట్లోనే ఉంటే కబురు ఇంకెవరితోనో పంపినట్టయింది. ‘మిర్ గెఫెల్ట్ దాస్’ కూడా అంతే, నాకు అది నచ్చింది. మర్నాడు నోట్సులో ఇంగ్లీషు అర్థాలన్నీ కొట్టేసి తెలుగు రాసుకున్నాను.

అప్పట్నుంచి కొన్ని చోట్ల క్లాసులో అందరూ తడబడుతుంటే నాకు మాత్రం దారి కనబడింది. ‘వైల్’ (ఎందుకంటే) పెడితే క్రియ వాక్యం చివరికి పోతుందని చెప్పినప్పుడు పిల్లలంతా తలలు పట్టుకున్నారు. మన క్రియ ఎప్పుడూ ఉండేది అక్కడే కదా. అమ్మాయిని ‘దాస్ మేడ్‌షెన్’ అంటారని, అది నపుంసక లింగమని తెలిసి ఇంకా గోల చేశారు. చివర ఆ ‘షెన్’ తగిలితే ఏ మాటైనా దాస్, అంటే నపుంసకం, అయిపోతుంది. నాకు వింతేమీ అనిపించలేదు. అమ్మాయి వచ్చింది అంటాం, బస్సు వచ్చింది అంటాం. అబ్బాయి అయితేనే వచ్చాడు. ఈ విషయంలో రెండు భాషలకీ కలిపి చీవాట్లు పెట్టాలి. కానీ చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసక లింగం. దీనికి తెలుగూ ఒడియా ఏవీ సాయం రావు. బట్టీయే.

అంకెల దగ్గర తెలుగు చేతులెత్తేసింది. 23ని వాళ్ళు ‘మూడూ ఇరవై’ అంటారు, డ్రై ఉండ్ ట్స్వాన్ట్సిష్. మనం ఇరవై మూడు అంటాం. వినే పరీక్షలో ఫోన్ నంబరు చదువుతుంటే 23ని 32గా రాసేసేదాన్ని. ఒకరోజు మా అబ్బాయి లెక్కలు చేసుకుంటూ ఒడియాలో ‘తేఇశి’ అన్నాడు. మూడు ముందు, ఇరవై వెనక. చిన్నప్పుడు ఎక్కాలన్నీ నేను అలాగే చదివాను కదా! ఇప్పుడు జర్మన్ అంకె వినబడగానే మనసులో ఒడియా బడి తెరుస్తాను.

జయపురం వైపు జర్మన్ కొత్తదేం కాదు. 1882లోనే బ్రెక్లుమ్ మిషన్ వాళ్ళు జర్మనీ నుంచి ఈ కొండల్లోకి వచ్చారు. వాళ్ళ మూలంగా ఏర్పడిన లూథరన్ చర్చి ఇప్పటికీ ఉంది. పెద్దయ్యాక ఒడియా నేర్చుకోవడానికి వాళ్ళు ఎన్నిసార్లు నోరు జారి ఉంటారో అని ఒక్కోసారి అనుకుంటాను. అప్పుడు కాస్త ధైర్యం వస్తుంది.

బీ1 పరీక్ష హైదరాబాదులో రాశాను. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. మూడు పాసయ్యాను. మాట్లాడడంలో 54. ఆస్పత్రిలో ఉన్న స్నేహితురాలిని చూడడానికి ఏం పట్టుకెళ్దామో జంటగా ప్లాను వెయ్యాలి. రోజూ ఆస్పత్రిలోనే ఉండేదాన్ని, ఇంకేం కావాలి! అయినా టెన్షన్‌లో ‘మిట్‌బ్రింగెన్’ నన్ను ముంచింది. పట్టుకెళ్ళడం అనే ఆ క్రియ రెండు ముక్కలవుతుంది, ‘బ్రింగెన్’ ముందుకొచ్చి ‘మిట్’ వాక్యం చివరికి పోతుంది. పూలు, పళ్ళు, పుస్తకం అన్నీ చెప్పాను, మూడుసార్లూ ‘మిట్’ మర్చిపోయాను. చార్టులో మందూ టైమూ రాసి సంతకం పెట్టకుండా వదిలేసినట్టు.

తప్పిన భాగం ఒక్కటే మళ్ళీ రాయొచ్చు. వచ్చే నెలకి కట్టేశాను, సెలవు కూడా అడిగాను. జయపురం నుంచి బస్సులో సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా విశాఖ, అక్కణ్ణుంచి రైలు. ఆ ఘాట్ మలుపుల్లో నాకు కడుపులో తిప్పేస్తుంది, ముందు సీటు దొరక్కపోతే ఇంక చెప్పక్కర్లేదు. దానికి జర్మన్‌లో ‘మిర్ ఇస్ట్ ష్లెష్ట్’ అంటారు. ఆ వాక్యం మాత్రం నేను ఎప్పుడూ తప్పు పలకలేదు.