మూడేళ్ల దాకా అమ్మడానికి వీల్లేని సరుకు

విస్కీ కాయడం బ్రహ్మవిద్యేం కాదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తాక ఆరబెట్టి, పిండి పట్టి, వేడినీళ్లు పోసి ఆ తియ్యటి నీళ్లు దింపుకుంటారు, ఈస్టు వేసి పులియబెడతారు, రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. అసలు కష్టమంతా ఆ తర్వాతే. ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంటే తప్ప దాన్ని స్కాచ్ అని అమ్మకూడదు, అది చట్టం. మూడేళ్లూ జీతాలు, కరెంటు, బార్లీ, పీపాలు అన్నిటికీ డబ్బు పోతూనే ఉంటుంది, వచ్చేది మాత్రం ఉండదు.

పోయినేడు స్కాట్లాండ్‌లో రాసే అనే దీవికి వెళ్లినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. దాని పక్కనున్న స్కై దీవికి వంతెన ఉంది కాబట్టి అక్కడిదాకా కారులోనే వెళ్లొచ్చు, ఆ తర్వాత స్కాన్సర్ రేవులో ఫెర్రీ ఎక్కితే 25 నిమిషాలు. దీవి మొత్తం మీద జనం సుమారు 160 మంది. మన దగ్గర ఒక చిన్న గూడెంలో కూడా అంతకంటే ఎక్కువమందే ఉంటారు. అలాంటిచోట అలస్డేర్ డే, బిల్ డాబీ కలిసి 2017లో డిస్టిలరీ తెరిచారు. ఆ దీవిలో చట్టప్రకారం మొదలైన మొదటి డిస్టిలరీ అదే. వాళ్లు వాడే నీళ్లు వచ్చే బావి పేరు గేలిక్ భాషలో ‘తోబర్ నా బా బానె’, అంటే తెల్లావు బావి. ఆ పేరు విన్నాక ఆ చోటు నాకు పరాయిదిగా అనిపించలేదు.

పులియబెట్టే తొట్టె మూత కొంచెం ఎత్తి, “మెల్లగా వాసన చూడండి, మొహం మరీ దగ్గర పెట్టకండి” అంది అక్కడ పనిచేసే అమ్మాయి. నేను వినకుండా వంగాను. గ్యాస్ ముక్కులోకి సూదిలా దిగింది, కళ్లలో నీళ్లొచ్చేశాయి. అది తగ్గాక అందిన పులిసిన వాసన మాత్రం చిన్నప్పుడు మా ఊరి అవతల తుప్పల్లో దాచిన బెల్లం ఊట వాసనకి చుట్టమే.

మరి ఆ మూడేళ్లు ఎలా గడపాలి? రాసే వాళ్లు హైలాండ్స్ అనే స్కాట్లాండ్ కొండప్రాంతంలో వేరేచోట కాచిన విస్కీని ‘వైల్ వుయ్ వెయిట్’ అనే పేరుతో అమ్మారు, మేం ఎదురుచూస్తున్నంతసేపు ఇది తాగండి అని. దాచకుండా పేరులోనే చెప్పేయడం నాకు చాలా నచ్చింది. 2020 చివర్లో గానీ వాళ్ల సొంత సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే కాచిన విస్కీ, బయటికి రాలేదు. హ్యారిస్ దీవి వాళ్ల దారి వేరు. పనిలేక జనం ఊళ్లొదిలి పోతున్నారు, ఇక్కడే నాలుగు ఉద్యోగాలు పుట్టాలి అనే 2015లో టార్బర్ట్‌లో డిస్టిలరీ పెట్టారు. విస్కీ పీపాల్లో ఉండగా, సముద్రంలో దొరికే కెల్ప్ నాచు వేసి జిన్ తీసి అమ్మారు, ఎందుకంటే జిన్‌కి పీపాలో ఏళ్లతరబడి ఉండాల్సిన పనిలేదు. వాళ్ల మొదటి విస్కీ 2023లో వచ్చింది, పేరు ‘ది హెరాక్’, అంటే హ్యారిస్ మనిషి. మూడేళ్లకే అమ్ముకునే వీలున్నా ఎనిమిదేళ్లు ఆగారు! డబ్బు అవసరం ఉండి కూడా అలా ఆగడానికి ఎంత గుండె కావాలో, ఏదో ఒక వ్యాపారం చేసినవాళ్లకే తెలుస్తుంది.

రాసేలో చివరగా గోదాము చూపించారు. లోపల చల్లగా, చెమ్మగా, తడిచెక్క వాసనతో ఉంది. ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైపోతుందట, దాన్ని దేవతల వాటా అంటారు. ఆ అమ్మాయి ఒక పీపా మీద చెయ్యి వేసి, “దీన్ని ఇంకా చాలా ఏళ్లు తెరవం” అంది. సొంతింట్లో పెరుగుతున్న పిల్లాడి గురించి చెబుతున్నట్టే చెప్పింది.