నీళ్లలో చెట్లు: మందపు రంగు చిత్రాన్ని చూసే తీరు

నీటి ఒడ్డు చెట్లనూ వాటి బింబాలనూ మందపు రంగుతో వేసిన చిత్రం ముందు నిలబడగానే కన్ను చెట్ల మీదికి పోతుంది. పోనివ్వండి. కానీ గుట్టు దొరికేది గట్టు అంచున, నేల ఆగి నీరు మొదలయ్యే చోట. అక్కడ రంగు మందం మారిందా? పాలెట్ నైఫ్‌తో (రంగు కలిపే, మెత్తే పల్చని కత్తితో) ఆకుల్ని గుత్తులుగా మెత్తి, నీటిని మాత్రం పల్చగా అడ్డంగా లాగారంటే, పైది చెట్టు, కిందిది దాని బింబం అని వేలు పెట్టి చూపినట్టే. రెండుచోట్లా ఒకే మందమైతే ఆ తేడాను కావాలనే చెరిపేసి ఉండాలి, లేదా చేతకాక వదిలేసి ఉండాలి. ఏదన్నది ప్రతిబింబమే పట్టిస్తుంది.

మాటల్లో ప్రతిబింబాన్నీ 'నీడ' అనేస్తాం గానీ ఇక్కడ విడదీయక తప్పదు. నీడ సూర్యుణ్ణి బట్టి ఎటైనా పడుతుంది. ప్రతిబింబం మాత్రం చెట్టుకు సరిగ్గా కిందే ఉంటుంది. ఎడమకు ఒరిగిన మాను నీళ్లలోనూ ఎడమకే ఒరగాలి. గట్టుకు వెనగ్గా ఉన్న చెట్టు మొదలు బింబంలో కనబడదు, గట్టు అడ్డొస్తుంది. దాన్ని మొదలుతో సహా తలకిందులుగా దించేశారంటే, నీటిని చూడకుండా వేశారని అర్థం. అయితే చూపు నీటిమట్టానికి దగ్గరగా, చెట్లు ఒడ్డునే ఉంటే పైదీ కిందిదీ దాదాపు సరిపోతాయి. 1891లో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తన దేశంలోని ఎప్ట్ నది ఒడ్డు పోప్లార్ చెట్లను పడవలోంచి వేశాడు. ఆ చిత్రాల్లో మానులూ బింబాలూ ఒకే నిలువు గీతల్లా సాగడానికి అదీ ఒక కారణం.

రంగుల్లోనూ లెక్క ఉంది. లేత రంగులు నీళ్లలో కాస్త ముదురుతాయి, మరీ ముదురువి కాస్త లేతబడతాయి. నిటారుగా కిందికి చూస్తే నీరు వెనక్కి పంపే వెలుతురు సుమారు 2 శాతమే. అందుకే కాళ్ల దగ్గరి నీళ్లలో బింబం చెదిరి లోతో, అడుగో కనబడాలి. దూరం పోయేకొద్దీ బింబం గట్టిపడాలి. అలలుంటే అది నిలువుగా సాగి ముక్కలవుతుంది.

నీటి మీద ఒక్కచోట మందపు రంగు చక్కగా అమరుతుంది: తళుకు. అది నీటి పైపొరది. పల్చని బింబం మీద అడ్డంగా నాలుగు తెల్లని దిమ్మలు పడితే చాలు, బింబం లోపలికి, నీటిమట్టం పైకి విడిపోతాయి. అదే మందంతో నిలువు గీత లాగితే నీరు గోడై కూర్చుంటుంది.

ఎదురు వెలుతురులో ఈ ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. దీపం పక్కనుంచి పడేలా చూసుకోండి. ఫొటోనే ఆధారమైతే ఏటవాలు వెలుతురులో తీసినది వెతకండి. లేకుంటే మందం గురించి ఏమీ తేల్చకపోవడమే మేలు.