కొత్తకోట దాటితే ఓర్వకల్లే దగ్గర

మహబూబ్‌నగర్ బస్టాండులో కర్నూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చున్నాక పక్క సీటాయన ఎందాక అని అడిగాడు. కర్నూలు పక్కనున్న ఓర్వకల్లు పోయి విమానం ఎక్కుతానన్నాను. "శంషాబాద్ అటుదిక్కు గద సార్, మీరు ఉల్టా పోతున్నరు" అన్నాడు. కొత్తకోటలో విత్తనాల దుకాణమట ఆయనది. ఆయన దిగేదాకా మా మాటలన్నీ ఆ విమానం చుట్టూనే తిరిగాయి.

భూత్పూరు దగ్గర హైవే ఎక్కి, మూసాపేట దాటి, అడ్డాకుల వచ్చేసరికి ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి చూపించాడు. "గా దిక్కే గుడిబండ. ఏరుపోర్టు వస్తదని ఎన్నేండ్ల సంది వింటున్నం?" రాష్ట్రం ఆరు చోట్ల విమానాశ్రయాలు అడిగింది. మామునూరు, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, పాల్వంచ, ఆదిలాబాద్‌తో పాటు మన దేవరకద్ర ప్రాంతంలోని ఈ గుడిబండ కూడా ఆ జాబితాలో ఉంది. అడ్డంకి ఒక్క భూమి మాత్రమే కాదు. 2008 మార్చిలో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో ఒక షరతుంది. ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్లపాటు మరో పౌర విమానాశ్రయం రాకూడదు. నిజాం కాలంలో 1930లో కట్టి 1981లో మూతపడ్డ మామునూరును తిరిగి తెరవాలన్నా శంషాబాద్ నడిపే సంస్థ సరేననాల్సి వచ్చింది. ఆ తర్వాతే 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి దొరికింది. గుడిబండ శంషాబాద్‌కు గాలిదారిన ఇంచుమించు నూరు కిలోమీటర్లే. ఓర్వకల్లు 170 దాకా ఉంటుంది కాబట్టి ఆ షరతు దానికి తగలదు.

ఈ లెక్క చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఇంకో లెక్క తీశాడు. "మా కొత్తకోట కాణ్ణుంచి శంషాబాద్ ఎంత? నీ ఓర్వకల్లు ఎంత?" రోడ్డు మీద చూస్తే రెండూ దాదాపు సమానమే. అక్కణ్ణుంచి కిందికి పెబ్బేరు, గద్వాల, అలంపూర్ వాళ్లకు ఓర్వకల్లే దగ్గర. అలంపూర్ చౌరస్తా నుంచైతే నలభై కిలోమీటర్లకు మించదు. అయినా ఆ ఊళ్లలో విమానం అనగానే అందరికీ శంషాబాదే గుర్తొస్తుంది. అక్కడ ఏ గంటకైనా ఏదో ఒక విమానం దొరుకుతుంది. పెద్ద విమానాశ్రయం పక్కనున్న చిన్నదానికి వచ్చే మొదటి జబ్బు ఇదే. రన్‌వే బాగానే ఉంటుంది, ప్రయాణికుడు మాత్రం పక్కకు జారిపోతాడు.

"మరి మాకెన్నడు వస్తదంటరు?" అంటూనే కొత్తకోటలో దిగిపోయాడు. జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. తర్వాత బీచుపల్లి దగ్గర కృష్ణ, పుల్లూరు టోల్, తుంగభద్ర వంతెన. ఆడవాళ్ల జీరో టికెట్టు రాష్ట్రం హద్దు వరకే కాబట్టి అక్కణ్ణుంచి కండక్టరు డబ్బులు లెక్కపెట్టుకుంటూ తిరిగాడు.

అసలు చిరాకు కర్నూలు బస్టాండు బయట మొదలైంది. ఓర్వకల్లు ఇరవై కిలోమీటర్ల లోపే. నంద్యాల బస్సెక్కితే హైవే మీద దించేస్తారు, అక్కణ్ణుంచి పెట్టె మోసుకుంటూ లోపలికి పోవాలి. ఆటో అడిగితే "ఆర్నూర్లన్నా. రోజూ విమానం ఉండదు, వచ్చేటప్పుడు ఖాళీగా రావల్ల" అన్నాడు. రెండు వేల చిల్లర పెట్టి కొన్న టికెట్టుకు ఆర్నూర్ల ఆటో! అతని మాటలో అబద్ధం లేదు, అందుకే ఇంకా బాధేసింది. విమానం రోజూ ఉండదు గనక ఆటో ఖరీదు, ఆటో ఖరీదు గనక జనం రారు, జనం రారు గనక విమానం రోజూ ఉండదు.

ఇక్కడి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. ఆ 28న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద బెంగళూరు, చెన్నై, విశాఖకు విమానాలు మొదలయ్యాయి. ఉడాన్‌లో విమానసంస్థకు నష్టం పూడ్చే డబ్బు మూడేళ్లు ఇస్తారు, ఆ దారిలో మూడేళ్లపాటు మరో సంస్థకు చోటుండదు. అందుకు బదులుగా సగం సీట్లు నిర్ణీత ధరకే అమ్మాలి. పూడ్చే డబ్బులో 20 శాతం రాష్ట్రానిది. విమాన ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి తగ్గించాలి, పోలీసులనూ ఫైరింజన్‌నూ ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్లు నిండాక సంస్థ తన లెక్క తాను చూసుకుంటుంది. మూడేళ్లు నిండకముందే ఆగిపోవడమూ ఉంది. కర్ణాటకలోని బీదర్‌లో విమానం 2020లో మొదలై ఆగింది, 2022లో వచ్చి మళ్లీ ఆగింది, 2025 ఏప్రిల్‌లో మూడోసారి వచ్చింది. ఓర్వకల్లుకు 2025 జులై 2న విజయవాడ విమానం తోడైంది, వారానికి మూడు రోజులు. నేను ఎక్కింది అదే.

టెర్మినల్ చిన్నది, శుభ్రంగా ఉంది. అద్దంలోంచి ఫైరింజన్ కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72 పొడవు 27 మీటర్ల చిల్లర కాబట్టి అగ్నిమాపక కేటగిరీ 5 కావాలి. అంటే ఒక బండి, 5,400 లీటర్ల నీళ్లు, 180 కిలోల మంటలార్పే పొడి, మూడు నిమిషాల్లో రన్‌వే ఏ మూలకైనా చేరగల సిబ్బంది. ఈ సిబ్బంది షిఫ్టులో ఒక్కరు తగ్గి కేటగిరీ పడిపోతే రన్‌వే ఎంత బాగున్నా విమానం రాదు. మూతపడ్డ విమానాశ్రయానికి సర్వీసు తిరిగి తేవాలంటే డబ్బు కన్నా ముందు చూసుకోవాల్సినవి ఇలాంటివే. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు గడువు, దిగే దారిలో కొత్తగా లేచిన సెల్‌టవర్లు, పెరిగిన చెట్లు, సామాన్లు తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రానికి శిక్షణ పొందిన మనిషి. అవతలి కొసన, పెద్ద విమానాశ్రయంలో దిగడానికి అనుకూలమైన వేళ దొరకడం ఇంకా కష్టం. పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరే వీలుంటేనే వ్యాపారి టికెట్టు కొంటాడు. మధ్యాహ్నం మిగిలిపోయిన స్లాటు ఇస్తే సీట్లు కూడా మిగిలిపోతాయి.

విమానం రన్‌వే మీద దిగి, వచ్చి ఆగాక చూశాను. ఎడమ ప్రొపెల్లర్ ఆగింది. కుడి ప్రొపెల్లర్ కూడా కదలడం లేదు గానీ ఆ ఇంజను మాత్రం హోరుమంటూనే ఉంది. ఏటీఆర్‌లో కరెంటుకు విడిగా చిన్న ఇంజను ఉండదు. అందుకని కుడి ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఇంజన్ని నడిపిస్తారు, దానికి హోటల్ మోడ్ అని పేరు. తోక కింద ఒక సన్నటి ఊతకర్ర పెట్టారు. మనుషులు ఎక్కే తలుపు వెనక, సామాన్ల తలుపు ముందర. బరువంతా వెనక్కి పడితే ముక్కు పైకి లేవకుండా ఆ కర్ర కాస్తుంది. అరగంటలో దించి, ఎక్కించి, కర్ర తీసేశారు.

సముద్రమట్టంలో, పదిహేను డిగ్రీల చల్లదనంలో ఏటీఆర్ పైకి లేవడానికి ఇంచుమించు 1,300 మీటర్లు చాలు. ఇక్కడి రన్‌వే 2,000 మీటర్లు. కానీ చిన్న విమానాశ్రయంలో ఇంధనం నిలవ లేకపోతే తిరుగు ప్రయాణానికి సరిపడా అవతలి నుంచే నింపుకు రావాలి. మే నెల ఎండకు గాలి పలచబడుతుంది, ఆ పైన ఈ ఇంధనం బరువు. రెండూ కలిస్తే కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయాల్సి వస్తుంది. దిగే దారి చూపించే ఐఎల్ఎస్ లాంటి పరికరాలేవీ లేక కంటిచూపు మీదే దిగాల్సిన చోట ఐదు కిలోమీటర్ల దూరం కనిపించకపోతే దిగనే దిగరు. వారానికి మూడు రోజుల విమానంలో ఒకటి రద్దయితే తర్వాతిది రెండు మూడు రోజులకు. అలా ఒకసారి ఇరుక్కున్న మనిషి మళ్లీ శంషాబాద్ దారే పడతాడు.

సీట్లు 78. తలలు లెక్కపెడితే 46. వారానికి రానుపోను ఆరు ప్రయాణాలకు 468 సీట్లు, ముప్పాతిక నిండాలంటే 351 మంది కావాలి, అంటే విమానానికి దాదాపు 59. ఆ రోజు తక్కువ పడింది పదమూడు మంది. గద్వాల నుంచి అలంపూర్ చౌరస్తా, కర్నూలు మీదుగా టెర్మినల్ గడప దాకా, విమానం వేళకు ఒక్క ఆర్టీసీ బస్సు ఉంటే ఆ పదమూడు మంది దొరకరా? నల్లమల మీదుగా పోతున్నంతసేపూ ఆ సంఖ్యే మెదిలింది.

తిరుగు ప్రయాణంలో కొత్తకోటలో దిగి ఆ విత్తనాల దుకాణం వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, విమానం ఏయే రోజుల్లో ఉంటుందో, టికెట్టు ఎంతో అడిగాడు. చెప్పాను. ఆటో సంగతి కూడా చెప్పాను. "మా బిడ్డ విజయవాడల చదువుతున్నది. టికెట్టుకు వెట్టుకుంటం సార్, గా ఆటోకు వెట్టం. బస్సు వడ్డదంటె ఒక్క ఫోన్ కొట్టుండ్రి" అని తన నంబరు బిల్లు వెనక రాసిచ్చాడు.