రెండంకెల సంవత్సరం

"సార్, ఈ 40 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది ఆ అమ్మాయి.

మాదాపూర్‌లో మా కంపెనీ ఆఫీసు. ఆమెది సత్తెనపల్లి, నాది తెనాలి. ఆ సంగతి తెలిశాక మా మధ్య ఇంగ్లీషు దానంతటదే తప్పుకుంది. ఏడేళ్ళుగా అమెరికా నుంచి ఫోన్లో వింటున్న గొంతే, మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. స్క్రీన్ మీద కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాము ఒకటి తెరిచి పెట్టింది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పైన వరసగా రాసి ఉంటుంది కదా, అందులో 1999 మార్చి దగ్గర నా పేరు. కింద నేను రాసిన నాలుగు లైన్లు: సంవత్సరం 40 కన్నా తక్కువైతే ముందు 20 తగిలించు, లేకపోతే 19 తగిలించు.

వైటూకే గొడవ ఇప్పటి పిల్లలకి పురాణం. చోటు ఆదా చెయ్యడానికి పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచేవారు. 2000 వస్తే అది 00 అయి, కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుంది. ఉన్న ఫైళ్ళన్నీ నాలుగంకెలకి మార్చే తీరిక లేక చాలాచోట్ల ఇలా అతుకులు వేశాం. మరి 40 ఎందుకంటే, ఎవరో మీటింగులో 40 అన్నారు, రాసేశాను. 2040 అప్పట్లో ఎవడిక్కావాలి!

మాది ఇన్సూరెన్సు వ్యవహారం. 2010లో అమ్మిన 30 ఏళ్ళ పాలసీ తీరేది 2040లో. నా నాలుగు లైన్ల లెక్కలో మాత్రం అది 1940లోనే తీరిపోయింది, కట్టేవాడు పుట్టకముందే. అవి పట్టుకుని సరిచేస్తే 2020లో 20 ఏళ్ళ పాలసీలతో ఇంకో ప్రోగ్రాము పడిపోయింది. పోయినేడాది 15 ఏళ్ళవి. నేనుండే కనెక్టికట్‌లో రాత్రి రెండింటికి, వరసగా నడిచే ఆ ప్రోగ్రాముల బ్యాచ్ పడిపోతే, చలికాలం అయితే హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ పిల్ల క్యారేజీ మూత తీసే వేళ. నేను హాయిగా నిద్రపోతుంటాను.

"సారీ అమ్మా" అన్నాను. నవ్వేసింది.

1998లో మైత్రీవనం దగ్గర కోబాల్ నేర్చుకున్నాను. ఆ ప్రోగ్రాములు నడిచే పెద్ద కంప్యూటరు, మెయిన్‌ఫ్రేమ్, ఎలా ఉంటుందో కళ్ళతో చూడలేదు, వంట చూడకుండా పుస్తకంలో పులిహోర నేర్చుకున్నట్టు. 1999 సంవత్సరానికి అమెరికా హెచ్-1బి ఉద్యోగ వీసాల కోటా 65,000 నుంచి 1,15,000 చేసింది. ఆ పెంచినదాంట్లో నేనొకణ్ణి. అక్కడ నాకు నిజంగా పని నేర్పింది పక్క క్యూబికల్ పెద్దాయన. ప్రోగ్రాము పడిపోయాక వచ్చే హెక్సాడెసిమల్ అచ్చు కాగితాల కట్ట ముందేసుకుని, ఆ మెషీను కోడ్లన్నీ అచ్చేసి మడతలు పెట్టిన పసుప్పచ్చ ఐబీఎం కార్డు ఒకటి పక్కన పెట్టుకుని, వేలితో చూపిస్తూ చదివేవాడు.

2005లో ఆయన పని హైదరాబాద్ వెళ్ళింది. మాలో దాన్ని కేటీ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. వచ్చిన విద్యంతా అవతలివాళ్ళకి అప్పజెప్పాలి. మూడు నెలలూ చివరిదాకా అప్పజెపితేనే ఆయనకి రావలసిన సెటిల్‌మెంటు. మధ్యలో కూర్చుని ఆయన అమెరికన్ ఇంగ్లీషుని మన ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఆయన ఒక్కటీ దాచుకోలేదు. అడిగిందే అడిగినా విసుక్కోకుండా చెప్పాడు. ఆఖరి రోజున ఆ పసుప్పచ్చ కార్డు నా బల్ల మీద పెట్టి, "మీవాళ్ళు తెలివైనవాళ్ళు" అని వెళ్ళిపోయాడు. మీవాళ్ళు అన్న మాటకి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. అక్కడ ఉద్యోగాలు పోయాయని ఏడుపు, ఇక్కడ వచ్చాయని పండగ. రెంటి మధ్యా నేను జీతం తీసుకున్నాను.

ఈసారి ఆ కార్డు తెచ్చి సత్తెనపల్లి అమ్మాయికిద్దామనుకున్నాను. సూట్‌కేసు సర్దేటప్పుడు చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

మర్నాడు జన్మభూమి ఎక్కి తెనాలి చేరాను. ఉద్యోగాలు మన దేశానికొచ్చాయి అంటాం గానీ, వచ్చింది మాదాపూర్‌కి. మా వీధిలో పిల్లలందరూ ఆ వెనకే వెళ్ళారు. పెద్దవాళ్ళు మిగిలారు. అందుకని తెనాలిలో ఇప్పుడు కొత్త పనొకటి పుట్టింది, ముసలివాళ్ళ దగ్గర ఉండటం. మా అమ్మకి 78. నాన్న పోయాక మనిషిని పెట్టాం. చేబ్రోలు దగ్గర ఊరు ఆవిడది. నెల మొదటి తారీఖున డబ్బు పంపడం, వీడియోలో పలకరించడం నా వంతు.

పోయినసారి వచ్చినప్పుడు ఆవిడకి నేను కేటీ ఇచ్చాను. ఏ బిళ్ళ ఎప్పుడు, ఏది పెట్టకూడదు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ తెలుగులో టైపు చేయించి ఫ్రిజ్‌కి అంటించాను. మొదటి రూలు: పచ్చళ్ళు వద్దు. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది. దాని మీద గ్యాసు బండ బుక్ చేసిన తేదీలు రాసున్నాయి.

మధ్యాహ్నం చూస్తే అమ్మ పెరుగన్నంలో మాగాయ ముక్క! నా మొహం చూసి ఆవిడే అంది: "ముక్క నీళ్ళలో కడిగి పెడతాను బాబుగారూ. ఉప్పు పోద్ది. అసలు లేకపోతే అన్నం ముట్టరు, అన్నం తినకపోతే బిళ్ళ పడదు."

తర్వాత నాలుగు రోజులూ కేటీ నాకే. అమ్మకి ఎడమ చెవి వైపు నుంచి మాట్లాడకూడదట. రాత్రి బాత్‌రూమ్ లైటు ఆర్పకూడదట. వీడియోలో "బానే ఉన్నాన్రా" అని చెప్పి, పెట్టేశాక పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడదట, అప్పుడు పలకరించకూడదట. "నవంబర్ నుంచి మీరు గంట ఆలిస్యంగా చేస్తారు కదా, ఆ వారం ఏడింటి నుంచీ ఫోను పట్టుకు కూర్చుంటారు. అమెరికాలో గడియారం మారిందని నేనే చెప్పుకోవాలి" అంది. ఆ గంట అమ్మ కూర్చుంటుందని ఇరవై ఏడేళ్ళలో నాకు తట్టలేదు.

ఒక సాయంత్రం వేడినీళ్ళు పెట్టనా అని అమ్మనడిగితే, "నన్నడుగుతావేంట్రా, ఆవిణ్ణడుగు" అంది.

"మీ అమ్మగారున్నారా?" అని అడిగాను ఆవిణ్ణి, వంటింట్లో.

"ఉంది. మంచంలోనే. మా వదిన చూస్తది. నెలకి నాలుగు వేలు పంపుతా." చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది. నేను పంపే దాంట్లోంచే ఆ నాలుగు వేలు. ఆ వదిన ఎవర్ని వదిలి వచ్చిందో అడగలేదు.

బయల్దేరే ముందు రోజు ఆవిడ ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి చూపించింది. నేను చెప్పింది కాదు, తనే పెట్టుకుంది. పొద్దున బీపీ, సాయంత్రం బీపీ, నిద్ర పట్టిందా లేదా, ఎన్ని ముద్దలు తిన్నారు, ఏం అడిగారు. గుండ్రటి అక్షరాలు. ఒక పేజీలో "బాబు వచ్చారు. రాత్రి నిద్ర పోలేదు" అని ఉంది. పక్కన తేదీ: 13-1-26.

సంవత్సరం రెండంకెలే వేసింది. ఏమీ అనకుండా పుస్తకం మూసి, ఆవిడ చేతికిచ్చేశాను.