తులూజ్ గోడల మీద ఆడవాళ్లు

ఈమధ్య పడుకునే ముందు ఆక్సిటన్‌లో (దక్షిణ ఫ్రాన్స్ భాష) రాసిన 13వ శతాబ్దపు కావ్యం ఒకటి, అనువాదంలో, కొంచెం కొంచెంగా చదువుతున్నాను. ఫ్రాన్స్ దక్షిణాన కాథార్ల మీద, అంటే చర్చి దారి తప్పారన్న క్రైస్తవుల మీద, జరిగిన క్రూసేడ్ (మతయుద్ధం) కథ. మొదలుపెట్టింది తుదేలా గియెమ్. ఆయన క్రూసేడర్ల వైపు. దాన్ని కొనసాగించిన రెండో కవి పేరు ఎవరికీ తెలియదు, ఆయన మనసంతా ఆ దక్షిణాదిలోని తులూజ్ ఊరి మీదే. మనిషి మారగానే పక్షం కూడా మారిపోయింది!

1217లో తులూజ్ తిరగబడితే క్రూసేడర్ల నాయకుడు సిమోన్ ద మోంఫోర్ వచ్చి ముట్టడించాడు. ముట్టడంటే నాకు గుర్రాలు, కత్తులే గుర్తొచ్చేవి. ఇక్కడ మాత్రం ఊరు ఊరంతా కందకాలు తవ్వుతోంది, వడ్రంగులు పని చేస్తున్నారు, పెద్దింటి వాళ్లూ కూలీలూ కలిసి మట్టి మోస్తున్నారు. 1218 జూన్ 25న గాయపడ్డ తమ్ముడి దగ్గరికి పరుగెత్తిన సిమోన్ తలకి రాయి తగిలింది, అక్కడే పోయాడు. ఆ రాయి విసిరిన యంత్రాన్ని నడిపింది ఆడవాళ్లూ, ఆడపిల్లలూ అంటాడు కవి.

నమ్మాలా? రాయి తగిలి చనిపోయాడని ఆ క్రూసేడ్ చరిత్ర రాసిన, సిమోన్‌ని మెచ్చుకునే సన్యాసి పియెర్ కూడా చెప్పాడు కాబట్టి అంతవరకు డౌట్ లేదు. ఆడవాళ్ల సంగతి కూడా నేను నమ్ముతాను. తాళ్లు పట్టుకుని లాగే యంత్రాలకి కావాల్సింది ఎక్కువ చేతులు, ముట్టడిలో ఉన్న ఊళ్లో ఖాళీగా కూర్చునేవాళ్లు ఎవరుంటారు? వీరులు దంచే పొడుగాటి ఉపన్యాసాలు మాత్రం కవి కల్పనే అనిపిస్తుంది. వాటిని నేను గబగబా దాటేస్తున్నాను.