పాత కారు, దొరకని పంపు

ఇవాళంతా కారు కిందే గడిచిపోయింది. వేడెక్కితే చాలు బండి ఆగిపోతోంది, చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతోంది. ట్యాంకులోని ఫ్యూయల్ పంపు పోయిందని తేలింది. పంపు, దాన్ని పట్టుకునే చట్రం, మూత కలిసి ఒకే అసెంబ్లీగా వస్తాయి. ఆ అసెంబ్లీ తయారీ ఎప్పుడో ఆపేశారట. పార్ట్ నంబరు చెప్పగానే కౌంటరు దగ్గరి అబ్బాయి స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఇది ఇక రాదు సార్, బండి అమ్మేయండి" అన్నాడు. పాత బండ్లకి ఏ పార్టు లేకపోయినా ఈ సలహా మాత్రం ఎప్పుడూ స్టాకులో ఉంటుంది.

పొద్దున్నే పంపు ఫ్యూజు పీకేసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపాను. పైపుల్లో ప్రెషర్ అలా దిగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ టెర్మినల్ విప్పి, అసెంబ్లీ బయటికి లాగి బల్ల మీద పెట్టుకున్నాను.

అసెంబ్లీ అని పెద్ద పేరే గానీ, విప్పితే ఏముంది? ఒక ప్లాస్టిక్ చట్రం, మధ్యలో పంపు, అడుగున జాలీ, పక్కన పెట్రోలు మట్టం చెప్పే ఫ్లోటు, పైన కనెక్టరు ఉన్న మూత. పోయింది పంపు ఒక్కటే. జిడ్డు తుడిచి టార్చి వాలుగా పట్టుకుంటే దాని ఒంటి మీద సన్నటి అంకెలు కనిపించాయి. అది కారు కంపెనీ నంబరు కాదు, పంపు చేసినవాళ్ళది. కార్ల కంపెనీలు పంపుల్ని ఎక్కువగా బాష్, డెన్సో లాంటివాళ్ళ దగ్గరే కొంటాయి. ఒకే పంపు రకరకాల బండ్లలో రకరకాల పార్ట్ నంబర్లతో తిరుగుతూ ఉంటుంది. అందుకని కారు పేరు పక్కన పెట్టి ఈ అంకెలతో వెతికాను. మధ్యాహ్నానికల్లా అదే కొలతలున్న కొత్త పంపు చేతికొచ్చింది.

కొలతల్లో ముందు చూడాల్సింది ప్రెషర్. నాది మల్టీపాయింట్ ఇంజెక్షన్ బండి, అంటే ఒక్కో సిలిండరుకి విడిగా పెట్రోలు చిమ్మే రకం. దానికి సుమారు 3 బార్ (ప్రెషర్ కొలిచే యూనిట్) కావాలి. ఇంజెక్షన్ రాకముందు వాడిన కార్బురేటర్ బండ్ల పంపు అర బార్ కూడా ఇవ్వదు, దాన్ని ఇందులో పెడితే ఇంజను అందుకోదు. ఈ 3 బార్ పంపుని తీసుకెళ్ళి కార్బురేటర్‌కి పెడితే, పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు ఆ ప్రెషర్‌ని ఆపలేక పెట్రోలు పొంగిపోతుంది. గంటకి ఎన్ని లీటర్లు తోస్తుందన్నది కాస్త ఎక్కువైనా పర్వాలేదు. నా బండికి రిటర్న్ లైను ఉంది, మిగిలింది ట్యాంకులోకే వెనక్కి పోతుంది.

అసలు చిక్కంతా బెత్తెడు రబ్బరు గొట్టం దగ్గరే. పంపు నుంచి మూత దాకా వెళ్ళే ఆ ముక్క ఎప్పుడూ పెట్రోల్లో మునిగే ఉంటుంది. మామూలు ఫ్యూయల్ హోస్‌కి లోపలి పొర పెట్రోలుని తట్టుకుంటుంది గానీ పైపొర తట్టుకోదు. వేస్తే కొన్నాళ్ళకి ఉబ్బి మెత్తబడి, క్లాంపు దగ్గర జారిపోతుంది. మునిగి ఉండేచోట ఎస్‌ఏఈ జే30 ఆర్10 (గొట్టాల ప్రమాణం పేరు) అని రాసి ఉన్నదే వాడాలి. బయట ఇంజెక్షన్ లైనుకి ఆర్9 సరిపోతుంది. ఈ రెంటికీ తేడా తెలియకుండానే "ఫ్యూయల్ హోసే కదా, ఏదైనా ఒకటే" అని చేతిలో పెట్టేవాళ్ళుంటారు. గొట్టం మీద అచ్చు చదవందే తీసుకోకూడదు.

మూత కింది రబ్బరు రింగు ఇంకో తమాషా. బయటికి తీసిన కాసేపటికే మళ్ళీ గాడిలో పెట్టబోతే పట్టలేదు, పెట్రోలు తాగి సాగిపోయింది. రాత్రంతా ఆరనిస్తే తిరిగి కుంచించుకుంటుందట. పాతదాన్ని నమ్మబుద్ధి కాక, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి కూడా నిలిచే వైటాన్ అనే రబ్బరు రకం రింగు వేశాను.

సాయంత్రానికి బిగించి, సెల్ఫ్ కొట్టేముందు పంపు కనెక్టరు దగ్గర వోల్టేజి చూశాను. పాత రిలే, పాత వైర్లు కరెంటు మింగేస్తుంటే కొత్త పంపు కూడా నీరసంగానే తిరుగుతుంది, చివరికి నింద పంపు మీద పడుతుంది. రీడింగు బ్యాటరీకి దగ్గరగానే ఉంది. ప్రెషర్ గేజి 3 బార్ దగ్గర కదలకుండా నిలబడింది. ఎక్కడా తడి లేదు, వాసన లేదు.

ఫ్లోటు మాత్రం పాతదే. సగం ట్యాంకు దగ్గర పెట్రోలు మీటరు ముల్లు ఊగుతోంది, లోపలి రెసిస్టెన్స్ పట్టీ అక్కడ అరిగిపోయినట్టుంది. ఖాళీలో ఎన్ని ఓమ్స్, నిండుగా ఉంటే ఎన్ని ఓమ్స్ అని మల్టీమీటరుతో కొలిచి రాసి పెట్టుకున్నాను. ఆ రెండు అంకెలకీ సరిపోయే ఫ్లోటు దొరికేదాకా, ఓడోమీటర్ చూసుకుని పెట్రోలు పోయించుకోవడమే.