సరిహద్దులో ఇళ్లు కట్టే మేస్త్రికి ముందు కావలసిన కాగితాలు

నలుగురు తాపీవాళ్లను, ఆరుగురు కూలీలను వెంటబెట్టుకుని ఇల్లు ఒప్పుకున్న మేస్త్రిని ఊళ్లో అందరూ పనివాడనే అంటారు. చట్టం మాత్రం యజమాని అంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఇళ్లు కట్టే మన తెలుగు మేస్త్రీలకు వచ్చే చిక్కులు చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరే పుడతాయి. పని నైపుణ్యానికి లోటుండదు. చేతిలో కాగితం ఉండదు.

బయానా పుచ్చుకునే ముందు స్థలం కాగితం చూడాలి. అది ఇంటాయన గొడవ, మనకెందుకు అనుకుంటారు. స్థలం మీద తగవొస్తే పని ఆగుతుంది, పని ఆగితే బిల్లు ఆగుతుంది. ఒడిశాలో హక్కుల రికార్డు ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే వచ్చినవాళ్లతో చదివించుకోండి. ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరు, ప్లాటు నంబరు కొట్టి, కిసం (భూమి రకం) అన్నచోట ‘ఘరబారి’ (ఇంటిస్థలం) అని ఉందో లేదో చూడండి. సాగుభూమి అని ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద ఇంటిస్థలంగా మార్పించిన ఉత్తర్వు అడగాలి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు కూడా అంతే (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు). అక్కడ ఆదివాసీల భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. రికార్డులో ఒకరి పేరు, ఇల్లు కట్టించేది మరొకరు అయితే అక్కడే ఆగి నాలుగు ప్రశ్నలు అడగండి. మంజూరైన ప్లాను నకలు కూడా ఒకటి మీ దగ్గర పెట్టుకోవాలి. ప్లానులో లేని గదిని ఇంటాయన నోటిమాట మీద లేపితే రేపు నోటీసు వచ్చినప్పుడు మీ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు.

ఇక ఒప్పందం. స్టాంపు కాగితం ఇల్లు ఉన్న రాష్ట్రంలోనే కొనడం మేలు. పాతపట్నంలో కొన్న కాగితాన్ని పర్లాకిమిడి కోర్టులో పెడితే ముందు స్టాంపు సుంకం తేడా మీద వాదన మొదలవుతుంది. తెలుగులో రాసుకున్నా తప్పు లేదు గానీ, ఇంగ్లీషు ప్రతి ఒకటి చేయించి, రెండిటికీ తేడా వస్తే ఏది చెల్లుతుందో అందులోనే రాయండి. ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలు, చివర ఇద్దరు సాక్షులు ఉండాలి.

ఎక్కువ తగాదాలు ధర మీద రావు, కొలత మీద వస్తాయి. ‘చదరపు అడుగుకి ఇంత’ అని రాసి వదిలేస్తారు. ఏ అడుగు? గోడల బయటి అంచు నుంచి కొలిచే అడుగా, సన్‌షేడ్ కలిపి స్లాబు అడుగా? బాల్కనీ సగమా, పూర్తా? మెట్ల గది పైకప్పు లెక్కలోకి వస్తుందా? సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, పిట్టగోడ ఇందులోనివా, విడిగా లెక్కా? వీటిలో ప్రతి దానికీ ఒక వాక్యం పడాలి. పునాది లోతు కూడా అంతే. నాలుగడుగుల దాకా ఈ రేటు, అక్కడ గట్టి నేల తగలకపోతే పైన ప్రతి అడుగుకీ ఇంత అని రాయకపోతే, మెత్తని నేలలో తవ్వకం ఖర్చు మీ జేబులోంచే పోతుంది.

డబ్బు విడతల్ని పని ఖర్చుతో కలిపి నడపాలి. లేబర్ కాంట్రాక్టుకి (సామాను ఇంటాయనది, కూలి మనది) నేను సరైనదనుకునే పద్ధతి ఇది: ఒప్పందం రోజు పది శాతం, ప్లింత్ బీము (పునాది పైన వేసేది) అయ్యాక పదిహేను, లింటెల్ మట్టానికి (తలుపుల పైభాగం దాకా) పదిహేను, సెంట్రింగు (కాంక్రీటు పోతకి పట్టే అచ్చు), ఇనుము కట్టడం పూర్తయి కాంక్రీటు పోయకముందు పదిహేను, సెంట్రింగు విప్పాక పది, గోడల పూతకి పదిహేను, ఫ్లోరింగుకి పది, చివరి పనులకి అయిదు, ఒక వానాకాలం గడిచాక మిగతా అయిదు. శ్లాబు విడతను రెండుగా చీల్చడానికి కారణముంది. కూలి అంతా పోతపోసే రోజునే లేస్తుంది, ఇంటాయన మాత్రం శ్లాబు ‘చూశాక’ ఇస్తానంటాడు. విప్పే గడువు కూడా ఒప్పందంలో ఉండాలి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటుతో 4.5 మీటర్ల లోపు స్పాను శ్లాబుకి ముట్లు (కింద ఆనించే గుంజలు) 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీముకి 6 మీటర్ల దాకా 14, ఆ పైన 21. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఇంటాయన తొందరపెట్టినప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

మధ్యలో చెప్పిన అదనపు పని, అంటే జరిపిన గోడ, పెంచిన అలమర, పూజగది అరుగు, ఏదైనా సరే, ఆ రోజే ఫోనులో రాసి పంపి ‘సరే’ అనిపించుకోండి. వాట్సాప్ సందేశం సాక్ష్యంగా చెల్లుతుంది. కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. కాబట్టి ఆ ఫోను అమ్మేయకండి, చాట్ తుడిచేయకండి. బాకీ కోసం దావా వేయడానికి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లే గడువు. ‘పంట రాగానే ఇస్తాను’ అన్న నోటిమాట ఆ గడువును పొడిగించదు. మూడేళ్ల లోపు బాకీ ఉన్నట్టు సంతకంతో రాసిస్తే అక్కడినుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది. ఇంటాయనకూ ఒక దారి ఉంది. పనిలో లోపం ఉంటే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు.

పనివాళ్ల సంగతికొస్తే, 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత భవన నిర్మాణ కార్మికుల చట్టంలో సొంత నివాసానికి కట్టుకునే పది లక్షల లోపు ఇంటికి మినహాయింపు ఉండేది. కొత్త కోడ్‌లో అది యాభై లక్షలు. పదిమంది కంటే తక్కువ పనివాళ్లతో నడిచే పనికీ మినహాయింపుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘మా దగ్గర ఏడుగురే’ అంటారు. శ్లాబు రోజున మిక్సర్ దగ్గర, మోత దగ్గర, పైన కలిపి పాతికమంది ఉంటారు. గడిచిన పన్నెండు నెలల్లో ఏ రోజున అయినా పదిమంది పనిచేస్తే సంస్థ లెక్కలోకి వస్తుందన్నది పాత చట్టం మాట. ఆ ఒక్క రోజు హాజరు పట్టీ చాలు.

కనీస వేతనానికి మాత్రం ఈ మినహాయింపులు వర్తించవు. ఒక్క కూలీ ఉన్నా ఇవ్వాల్సిందే. ఏ రేటు? పని జరిగే చోటి రేటు. కూలీ శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినా, ఇల్లు గజపతి జిల్లాలో ఉంటే ఒడిశా రేటే. కరవు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది కాబట్టి, ఆ రెండు నెలల్లో కార్మిక శాఖ పట్టిక తెచ్చుకుని మార్చి రాసుకోండి. రోజుకి ఎనిమిది గంటలు, ఆపైన గంటకి రెట్టింపు. ఆడవాళ్లకి అదే పనికి తక్కువ కూలి ఇవ్వడం నేరం. తట్ట మోసేవాళ్ల రేట్లు మన వైపు ఇప్పటికీ రెండు రకాలుగా నడుస్తున్నాయి, ఇది దాచాల్సిన సంగతేమీ కాదు. వారం కూలి అయితే సెలవు రోజుకి ముందే చేతికందాలి. నెల జీతమైతే తర్వాతి నెల ఏడో తేదీ లోపు. పని మాన్పించినా, మానేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. పేరు, రోజు, పని, రేటు, అడ్వాన్సు, చెల్లింపు, సంతకం లేదా వేలిముద్ర ఉన్న ఒక చిట్టా పుస్తకం చాలు. ఫోన్‌పేలో పంపితే నోట్ దగ్గర ఏ వారం కూలో రాయండి. లేకపోతే అది చేబదులు అని వాదించేవాళ్లుంటారు.

సంక్రాంతికి ముఠాకి అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేసుకోవడం పాత అలవాటు. అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు. అది తీరేదాకా వేరే చోటికి పోకూడదనడం, ఆధార్, ఏటీఎం కార్డులు పట్టుకోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది, మూడేళ్ల దాకా జైలు. కోతలన్నీ కలిపినా కూలిలో సగానికి మించకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను సైటులోకి రానివ్వకండి. వేసవి సెలవులకి వాళ్ల నాన్నతో వచ్చి ఇటుకలు అందిస్తున్నాడన్నా ఒప్పుకోరు.

రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చే కూలీలకు ఇంకో లెక్కుంది. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి సైకిలు మీద వచ్చేవాడు కూడా చట్టం దృష్టిలో అంతర్రాష్ట్ర వలస కార్మికుడు కావచ్చు. దూరంతో పని లేదు, రాష్ట్రం మారితే చాలు. అలాంటివాళ్లు పదిమంది ఉంటే కొత్త కోడ్ వర్తిస్తుంది, ఏటా ఇంటికి వెళ్లి వచ్చే చార్జీల నియమమూ అందులోదే. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజుల ధ్రువపత్రం మీద సంతకం అడిగితే వెనకాడకండి, మీ చిట్టా పుస్తకమే దానికి ఆధారం.

పన్నుల సంగతి క్లుప్తంగా. సామాను ఇంటాయనదే అయి, ఒక్క విడి ఇంటికి కేవలం కూలి కాంట్రాక్టు చేస్తే దానికి జీఎస్టీ లేదు. సామానుతో సహా ఒప్పుకుంటే 18 శాతం. అలా ఒప్పుకునేవాళ్ల ఏడాది టర్నోవరు ఇరవై లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. రెండు లక్షలు, ఆపైన ఒకే పని తాలూకు నగదుగా పుచ్చుకోవద్దు. విడతలుగా తీసుకున్నా చిక్కే, తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి కట్టే సెస్సు నిర్మాణ ఖర్చులో ఒక శాతం, భూమి ధర కలపరు. అరవై లక్షల ఇంటికి అరవై వేలు. ప్లాను మంజూరులో కట్టారా లేదా, కట్టకపోతే ఎవరు కట్టాలి అన్నది ఒప్పందంలో ఒక్క వాక్యం.

మేస్త్రిని ఒక్క రోజులో కూల్చేది ప్రమాదం. పన్నెండు మీటర్ల కడ్డీని పైకి అందిస్తూ 11 కేవీ తీగకి తాకించడం, ముట్లు జారడం, షోరింగు (పక్కల ఆనింపు) లేని గోతి గట్టు కూలడం, ఈ మూడే తరచు. తీగ ఇంటికి పక్కగా 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్ల దూరంలో లేకపోతే విద్యుత్ శాఖకి రాతపూర్వకంగా అర్జీ పెట్టాకే పని మొదలుపెట్టాలి. 1.5 మీటర్లు దాటిన గోతికి పక్కల ఆనింపు కావాలి, తవ్విన మన్ను అంచున పోయకూడదు.

మరణమైతే పరిహారం లెక్క ఇలా ఉంటుంది: నెల వేతనంలో సగాన్ని వయసుకి నిర్ణయించిన గుణకంతో గుణిస్తారు. నెల వేతనం గరిష్ఠంగా 15,000గా తీసుకుంటారు. ముప్పై ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. పూర్తి శాశ్వత వైకల్యమైతే సగానికి బదులు అరవై శాతం, అప్పుడు 18,71,820. వైద్యం ఖర్చు విడిగా. ఇది ఎవరు కట్టాలి? అసలు యజమాని బాధ్యత తన వ్యాపారం కోసం పని అప్పగించిన వాళ్లకే వర్తిస్తుంది. సొంతానికి ఇల్లు కట్టించుకునే ఇంటాయన మామూలుగా అందులోకి రాడు, కట్టాల్సింది మీరే. మీరు టైల్స్ పని ఇంకో మేస్త్రికి అప్పగిస్తే అతని కూలీ కూడా ముందు మీ మీదే పడతాడు, తర్వాత అతని దగ్గర మీరు రాబట్టుకోవాలి. తాగి ఉన్నాడు, హెల్మెట్ తీసేశాడు అన్న వాదన మిగతా గాయాలకే పనికొస్తుంది, చావుకీ పూర్తి శాశ్వత వైకల్యానికీ చెల్లదు.

అందుకని ఈ పరిహారానికి బీమా అయిన ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోండి. అందులో చూడాల్సినవి: పని చోటు ఒడిశాలోని ఊరి పేరుతో ఉందా, శ్లాబు రోజు తలకాయలు లెక్కలో ఉన్నాయా, ఉపమేస్త్రి మనుషులు కలిశారా, వైద్యం ఖర్చు ఎంత దాకా, కూలి రేటు నిజమైనదే రాశారా. ప్రీమియం తగ్గుతుందని పదిమందిని నలుగురని రాసినవాడికి క్లెయిమ్ రోజునే సంగతి తెలుస్తుంది.

ప్రమాదం జరిగాక పెద్దమనుషుల మధ్య కూర్చుని, రెండు లక్షలిచ్చి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అది చెల్లదు. మరణ పరిహారం అధీకృత అధికారి దగ్గర జమ చేస్తేనే కట్టినట్టు. కుటుంబానికి నేరుగా ఇచ్చింది పరిహారంగా లెక్కలోకి రాదు, మూడు నెలల వేతనం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్న కాగితమూ చెల్లదు. ఆ తర్వాత కుటుంబం దరఖాస్తు చేస్తే మొత్తం మళ్లీ కట్టాలి, ఆలస్యానికి వడ్డీ, పైన సగం దాకా జరిమానా. కుటుంబానికి అప్పటికప్పుడు డబ్బు కావాలంటే ఆ మూడు నెలల వేతనం బ్యాంకు ద్వారా ఇచ్చి, అడ్వాన్సు అని రసీదులో రాయించి, మిగతాది అధికారి దగ్గర జమచేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం అదే రోజు పంపండి.